క్రొత్త యింటి వాసన

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు జరిగిన ప్రసంగ పాఠము)



పల్లెవాసి వాసనను బట్టి ఎన్నో సంగతులు గ్రహించును. తొలకరి చినుకులకు నేల వాసన లేచినచో దుక్కికి వేళయైనదని రైతు తెలిసికొనును. ఆవకాయ జాడీ మూత తీసిన సంగతి పొరుగింటివారికి చెప్పనక్కరలేదు. క్రొత్త పుస్తకమును విప్పగనే వచ్చు వాసన ఈ గ్రంథాలయమున పాతిక సంవత్సరములుగా పాఠకు లెరిగినదే. పూర్వము క్రొత్త యింటికి కూడ ఒక వాసన యుండెడిది. తడిసున్నము, పచ్చిగోడ, అప్పుడే రంపముతో కోసిన వేప, టేకు - ఇవి యన్నియు కలిసిన వాసన అది.

నేటి క్రొత్త యింటి వాసన వేరు. హైదరాబాదు నగరమున హైటెక్ సిటీ ప్రాంతమునందు క్రొత్తగా అలమరలు బిగించిన ఫ్లాటు తలుపు తీయగనే ఘాటైన వాసన ముక్కును తాకును. కన్నులు చెమర్చును. గొంతు గరగరలాడును. గృహప్రవేశమునకు వచ్చిన బంధువులు దానిని క్రొత్త చెక్క వాసన యని చెప్పుకొని సంతోషింతురు. నిజమునకు అది చాలవరకు చెక్క వాసన కాదు. చెక్కపొట్టును, చెక్కపొరలను అంటించిన జిగురు వాసన, దానిపై పూసిన వార్నీషు వాసన. ఆ జిగురును గూర్చియే ఈ ప్రసంగము.

పల్లెటూరి సభలో పట్నపు టిండ్ల ప్రసక్తి యేల యని కొందరికి తోచవచ్చును. అందుకు రెండు కారణములు గలవు. మొదటిది బిడ్డలను గూర్చినది. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించెను. రాళ్లగుట్టలతో నిండిన ఆ ప్రదేశము చూచుచుండగనే మహానగరమైనది. మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ - ఈ పేర్లు నేడు తెలుగుదేశపు పల్లెలలో ప్రతి వీధిలోను వినవచ్చును. ఏలయన ప్రతి వీధినుండియు ఎవరో యొకరు అక్కడ ఉద్యోగము చేయుచున్నారు. వారు అప్పు చేసి ఫ్లాటు కొందురు. మనుమని ఎత్తుకొనుటకు తల్లిదండ్రులు ఇక్కడినుండి బయలుదేరుదురు. కనుక ఆ యింటి గాలి ఈ యూరివారు పీల్చు గాలియే.

రెండవ కారణము చెట్టును గూర్చినది. రైతులు గట్లపైనను, మెట్టపొలములలోను జామాయిలు, సరుగుడు, సుబాబుల్ పెంచుచున్నారు. పూర్వము ఆ కర్ర కాగితపు మిల్లులకును, పొయ్యిలోనికిని పోవుచుండెను. నేడు పలకల కర్మాగారములకు కూడ పోవుచున్నది. శ్రీకాళహస్తి ప్రాంతమున 2018లో అట్టి పెద్ద కర్మాగార మొకటి ఉత్పత్తి ప్రారంభించినది. అచట కర్రను ముక్కలు చేసి, ఆవిరితో మెత్తపరచి, పీచుగా విడదీసి, జిగురు కలిపి, వేడి యంత్రములో నొక్కి పలకలు చేయుదురు. ఆ విధముగ పల్లెలోని చెట్టు పట్నములోని బిడ్డ పడకగదికి అలమరయై చేరును. చెట్టు నిర్దోషి. నడుమ దానితో చేరినదే విచారింపదగినది.

ఆ జిగురు చేయు విధానము రైతునకు సుబోధకమే. అందలి యొక పదార్థము పొలమున చల్లు యూరియా. రెండవది ఫార్మాల్డిహైడు అను వాయువు. దీనిని 1859లో రష్యా దేశీయుడైన బట్లెరోవ్ అను శాస్త్రజ్ఞుడు మొదట వర్ణించెను. ఈ రెంటిని నీటిలో కలిపి వేడి చేసినచో చిక్కని పాకము తయారగును. వేడి యంత్రములో నొక్కగనే అది నిమిషములలో గట్టిపడి చెక్కపొట్టును రాయివలె పట్టుకొనును. ఖరీదు తక్కువ; మరక పడదు; పని త్వరగా జరుగును. అందుచేతనే లోకమంతటను పలకల పరిశ్రమ దీనిపై నిలిచినది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, పదునెనిమిది మిల్లీమీటర్ల దళసరి గల పీచుపలక సుమారు నలువది కిలోలు తూగును. అందు నూటికి పది పాళ్లు జిగురే యనుకొన్నను అది నాలుగు కిలోలు. ఒక పడకగది అలమరకు ఇట్టి పలకలు ఎన్నో కావలసివచ్చును.

పూర్వము వడ్రంగులకు జిగురు లేకపోలేదు. తోళ్లను, ఎముకలను ఉడికించి తీసిన బంకను వారు వాడుచుండిరి. కొండపల్లి బొమ్మల పనివారు తెల్లపొణికి కర్రతో అంగములు చెక్కి, చింతగింజల పిండిని, రంపపు పొట్టును కలిపిన మక్కుతో వానిని అతుకుదురు. పొట్టును జిగురుతో కలిపి గట్టిపరచుట అను ఉపాయము తెలుగువారికి క్రొత్తది కాదనుటకు ఆ మక్కే సాక్ష్యము. కాని చింతగింజల జిగురునుండి కన్నులు మండించు వాయువు వెలువడదు. యూరియా జిగురునుండి వెలువడును. భేదమెల్ల అక్కడనే యున్నది.

ఏల వెలువడును? రెండు విధముల. యంత్రములో నొక్కినపుడు జిగురులో కలియక మిగిలిన ఫార్మాల్డిహైడు పలకలోనే చిక్కుకొని, మెల్లగా బయటికి వచ్చును. ఇది మొదటి విధము. మొదటి మాసములలో అధికముగ నుండి క్రమముగ తగ్గును. గట్టిపడిన జిగురు సైతము తేమ తగిలినచో కొంచెము కొంచెముగ విడిపోయి తిరిగి ఆ వాయువును విడుచును. ఇది రెండవ విధము. ఇది సంవత్సరముల తరబడి సాగును. వేడి, తేమ - ఈ రెండును ఆ జిగురునకు శత్రువులు. హైదరాబాదున వైశాఖమాసపు టెండలలో నలువది డిగ్రీల వేడిమి సామాన్యము. శ్రావణమున గోడలు చెమ్మగిల్లును. చలిదేశములలో నిర్ణయించిన లెక్కలు ఇట్టి చోట నిలుచునని ధైర్యము చెప్పజాలము.

ఈ ఫార్మాల్డిహైడు మరియొక పేరుతో తెలుగువారికి పరిచితమే. 2018 జూలై మాసమున ఆంధ్రప్రదేశ్ నుండి వచ్చు చేపలలో ఫార్మలిన్ కలదని చెప్పి అస్సాం ప్రభుత్వము ఆ చేపల దిగుమతిని పది దినములు నిషేధించినది. చేపల చెరువుల రైతులలో కలవరము పుట్టినది. తినువారు భయపడిరి. ఆ ఫార్మలిన్ అనునది వేరేమియు కాదు. ఫార్మాల్డిహైడు వాయువును నూటికి నలువది పాళ్ల వరకు నీటిలో కరిగించిన ద్రవమే. వైద్యకళాశాలలలో శవములు చెడకుండుటకు దానినే వాడుదురు. చేపలో ఉన్నదన్నంతనే భయపడిన లోకము అలమరనుండి వచ్చుచున్నదన్నచో శాంతముగ నుండుట వింత. చేప వారమున కొకటి రెండు మార్లు పళ్లెములోనికి వచ్చును. గాలి రాత్రింబవళ్లు ఊపిరితిత్తులలోనికి పోవును.

ఐనను భయము వేరు, ఎరుక వేరు. ఫార్మాల్డిహైడు ప్రకృతిలో లేని వింత విషము కాదు. పండ్లలో కొంచెము కలదు. పచ్చికర్రలో కొంచెము కలదు. మానవశరీరములోనే అది కొంచెముగ పుట్టి, వెంటనే మార్పు చెంది పోవుచుండును. హాని యంతయు మోతాదులోను, కాలములోను ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇండ్లలోని గాలికి ఒక హద్దు చెప్పినది. ముప్పది నిమిషముల సగటున ఒక ఘనమీటరు గాలిలో ఫార్మాల్డిహైడు 0.1 మిల్లీగ్రాము మించరాదు. పది అడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు గల గదిలో సుమారు ముప్పదినాలుగు ఘనమీటర్ల గాలి యుండును. కావున ఆ గది యంతటికిని హద్దు మూడున్నర మిల్లీగ్రాములకు లోపుననే. అనగా ఒకటి రెండు ఆవగింజల యెత్తు! నాలుగు కిలోల జిగురునుండి ఆవగింజంత వాయువు బయటికి వచ్చుట ఎంత సులభమో గృహస్థులే ఊహించుకొనవచ్చును.

ఆ హద్దు దాటినచో శరీరమున నేమి జరుగును? ఈ వాయువు నీటిలో మిక్కిలి త్వరగా కరుగును. కావున తడిగా నుండు చోట్లనే మొదట పట్టుకొనును. కన్నులు మండి నీరు కారును. ముక్కు కారును, లేదా దిబ్బడవేయును. గొంతు గీరుకొని పొడిదగ్గు వచ్చును. తలనొప్పి కలుగవచ్చును. ఉబ్బసము గలవారికి ఆయాసము హెచ్చవచ్చును. పనిలో దానిని చేతితో తాకువారికి చర్మముపై దురద, దద్దురులు లేచును. పసిబిడ్డలు శరీరపు బరువును బట్టి చూచినచో పెద్దలకంటె ఎక్కువ గాలి పీల్తురు. పగలెల్ల ఇంటనే యుందురు. తమ బాధ చెప్పుకొనలేరు. ఇంటి యజమాని ఉదయమున ఆఫీసునకు పోయి రాత్రి వచ్చును. ఇంట మిగులువారు బాలెంత, బిడ్డ, పల్లెనుండి వచ్చిన నాయనమ్మ, పనిచేయు స్త్రీ. వాసన ఘాటు మొదట తగులునది వారికే.

అన్నింటికంటె గంభీరమైన మాట మరియొకటి గలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ఫార్మాల్డిహైడును మానవులలో క్యాన్సరు కలిగించు పదార్థముల మొదటి తరగతిలో చేర్చినది. ముక్కునకు వెనుక గొంతు పైభాగమున వచ్చు క్యాన్సరునకు దానికిని సంబంధము కలదని నిర్ణయించినది. పిమ్మట రక్తమునకు సంబంధించిన క్యాన్సరుతో గల సంబంధమును కూడ గుర్తించినది. ఐతే ఈ నిర్ణయములకు ఆధారమైనవారు ప్రధానముగ కర్మాగారములలో, శవములను భద్రపరచు వృత్తులలో సంవత్సరముల తరబడి అధికమోతాదున దానిని పీల్చిన పనివారు. క్రొత్త అలమర గల ఇంట ఒక మాసము నివసించినవారికెల్ల క్యాన్సరు వచ్చునని దీనికి అర్థము కాదు. ఊరక పీల్చవలసిన అవసరము లేని దానిని పీల్చకుండుట వివేకమని మాత్రమే అర్థము.

ఈ సందర్భమున వడ్రంగిని మరచుట అన్యాయము. గృహస్థుడు క్రొత్త యింటి వాసనను జీవితమున ఒకటి రెండు మార్లు పీల్చును. వడ్రంగి ప్రతిదినము పీల్చును. హైటెక్ సిటీ పరిసరములలో వేలకొలది ఫ్లాట్లలో తెలుగు జిల్లాలనుండియు, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, బీహారులనుండియు వచ్చిన పనివారు మూసిన గదులలోనే పలకలు కోయుచు, గీకుచు, జిగురు పూయుచు ఉందురు. పని ముగియువరకు పెక్కుమంది ఆ గదులలోనే పరుండుదురు. పలక కోసినపుడు లోపల చిక్కుకొన్న వాయువు ఒక్కమారుగ వెలువడును. దానితోపాటు సన్నని చెక్కధూళి లేచును. చెక్కధూళిని కూడ పై సంస్థ 1995లోనే క్యాన్సరు కారకముల మొదటి తరగతిలో చేర్చినది. ముఖమునకు చుట్టుకొన్న తువ్వాలు ఆ ధూళిని కొంత ఆపునేమో కాని వాయువును ఆపదు. పలకలను బాల్కనీలోనో, ఆరుబయటనో కోయనిచ్చుట, కిటికీలు తెరచి పంకా త్రిప్పుట, తగిన ముసుగు కొనియిచ్చుట - ఇవి యింటి యజమాని ధర్మములు. లక్షలు ఖర్చుపెట్టి అలమరలు చేయించువానికి ఈ ఖర్చు లెక్కలోనిది కాదు.

ఇది తెలుగువారికి మాత్రమే వచ్చిన చిక్కు కాదు. అమెరికాలో 2005 ఆగస్టులో కట్రీనా అను తుపాను న్యూ ఆర్లియన్స్ నగర ప్రాంతమును ముంచివేసినది. ఇండ్లు కోల్పోయినవారికి అక్కడి ప్రభుత్వము చక్రములపై నిలుచు చిన్న యిండ్లను లక్షకు పైగా ఇచ్చినది. అవి పలుచని పలకలతో చేసినవి, గదులు ఇరుకు, గాలి తక్కువ. కొంతకాలమునకు వాని యందలి కాపురస్థులు కన్నుల మంట, దగ్గు, ముక్కునుండి రక్తము అని మొరపెట్టుకొనిరి. 2007 డిసెంబరు, 2008 జనవరి మాసములలో అక్కడి ప్రభుత్వ ఆరోగ్యశాఖవారు 519 యిండ్లలో గాలిని పరీక్షించిరి. ఫార్మాల్డిహైడు సగటున గాలిలో నూరు కోట్ల పాళ్లకు 77 పాళ్లుండెను. ఒక యింట 590 పాళ్ల వరకు ఉండెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు ఈ లెక్కలో సుమారు 80 పాళ్లు. ఆ పరీక్ష జరిగినది శీతకాలమున. ఎండలు ముదిరినచో ఇంకను హెచ్చునని గ్రహించి, వేసవి రాకముందే జనమును ఆ యిండ్లనుండి తరలింపవలెనని వారు సలహా యిచ్చిరి. నిరాశ్రయులకు నీడ యిచ్చిన యిల్లే వారికి బాధ యైనది. ఆ దుఃఖమునుండి ఒక శాసనము పుట్టినది. 2010లో అమెరికాలో పలకలనుండి వెలువడు ఫార్మాల్డిహైడునకు హద్దులు విధించు చట్టము వచ్చినది. ఐరోపాలో అంతకు పూర్వమే ఇ-1 అను తరగతి ఏర్పడి యుండెను. తక్కువగ వెలువడు పలకలకు ఆ గుర్తు వేయుదురు. నేడు భారతదేశములోను ఇ-1, ఇంకను తక్కువదైన ఇ-0 గుర్తులు గల పలకలు అంగళ్లలో దొరకుచున్నవి. అడిగినవారికి దొరకును; అడుగనివారికి చౌకది చేరును.

పరాయిదేశముల మాట యటుండగా, హైటెక్ సిటీ చెంతనే ఈ ప్రశ్నకు సమాధానముగ నిలిచిన భవనమొకటి గలదు. అది సి.ఐ.ఐ. - సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. 2004 జూలై 14వ తేదీన నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దానిని ప్రారంభించెను. పర్యావరణమునకు హితముగ కట్టిన భవనములకు ఇచ్చు లీడ్ అను అమెరికా ప్రమాణములో అత్యున్నతమైన ప్లాటినం శ్రేణిని అమెరికా వెలుపల మొదట పొందిన భవనమది. దాని నడుమ గుండ్రని ముంగిలి గలదు; గాలి వచ్చు జాలీ గోడలు గలవు; గాలిని చల్లబరచి లోనికి పంపు గోపురములు గలవు. వర్ణన వినగనే పాతకాలపు మండువా లోగిలి జ్ఞప్తికి వచ్చుట సహజము. ఆకాశమునకు తెరచియున్న మండువా, ఎదురెదురు తలుపులు, గవాక్షములు - ఇవి పూర్వులు శాస్త్రము చదివి కట్టినవి కాకపోవచ్చును. ఐనను ఆ యింట చెడుగాలి నిలిచెడిది కాదు. ఆ లీడ్ ప్రమాణములో యూరియా - ఫార్మాల్డిహైడు జిగురు కలుపని పలకలు వాడిన భవనములకు ప్రత్యేకముగ మార్కు ఇచ్చు పద్ధతి నాడే యుండెను. అనగా ఈ సంగతి హైదరాబాదునకు తెలిసి ఇరువది సంవత్సరములు దాటినది. పెద్ద భవనములు కట్టు శిల్పులకు తెలిసినది చిన్న ఫ్లాటు కొను గృహస్థునకు ఇంకను తెలియలేదు. తెలిసినవానికిని తెలియనివానికిని నడుమ గల దూరమును తగ్గించుటయే గదా గ్రంథాలయముల పని!

ఇక గృహస్థుడు చేయదగినదేమో చూతము.

మొదటిది పలకను ఎంచుట. అన్ని పలకలును ఒకటి కావు. తేమకు మాత్రమే తట్టుకొను ఎం.ఆర్. తరగతి ప్లైవుడ్డులోను, పొట్టుపలకలలోను సామాన్యముగ యూరియా జిగురే యుండును. మరుగు నీటికి సైతము తట్టుకొను ప్లైవుడ్డులో, మెరైన్ ప్లైవుడ్డులో సామాన్యముగ ఫినాలు జిగురుండును. దానిలోను ఫార్మాల్డిహైడు కలదు. కాని ఆ కట్టు గట్టిది, తేమకు సులభముగ విడిపోదు. కావున వెలువడునది మిక్కిలి తక్కువ. ఆ జిగురు ముదురు గోధుమవన్నెలో నుండును. ఐతే రంగు నొక్కదానినే నమ్మరాదు, ఐ.ఎస్.ఐ. ముద్రను, తరగతిని, ఇ-1 లేక ఇ-0 గుర్తును చూచి, ఆ మాట రశీదుపై వ్రాయించుకొనవలెను. పసిబిడ్డ గదిలో ఇనుప బీరువా, కర్రమంచము చాలును. అవి అమ్మమ్మల కాలమునుండి చాలినవే.

రెండవది అంచులు మూయుట. పలకపై అతికిన నున్నని రేకు వాయువును చాలవరకు అడ్డగించును. కాని పనివారు కంటికి కనబడు ముఖమునకే రేకు అతికి, వెనుక భాగమును, అడుగును, అంచులను, మరలకు చేసిన రంధ్రములను పచ్చిగ విడుచుదురు. వాయువు అక్కడినుండియే వచ్చును. కంటికి కనబడని చోట్లను కూడ మూయించుట అవసరము. వంటగదిలో నీటితొట్టి క్రింది అలమరకు ఈ జాగ్రత్త మరింత అవసరము. తడి తగులునది అక్కడనే.

మూడవది గాలి. ఆఫీసులోను, ఇంటను నేడు ఏ.సి. వేసి కిటికీలు మూయుట అలవాటైనది. ఇండ్లలో గోడకు తగిలించు ఏ.సి. యంత్రము బయటిగాలిని లోనికి తీసికొనిరాదు. లోపలి గాలినే చల్లబరచి మరల విడుచును. గది చల్లబడును గాని శుభ్రపడదు. ఉదయ సాయంకాలములందు ఎదురెదురు కిటికీలు తెరచి, అలమర తలుపులు, సొరుగులు కూడ తెరచియుంచి, పంకా త్రిప్పినచో చెడుగాలి పోవును. ఇందుకు కాసు ఖర్చు లేదు. వాసన పోవుటకని సాంబ్రాణి, అగరువత్తులు, పరిమళములు వాడుట పొరపాటు. పొగలో సైతము ఫార్మాల్డిహైడు కలదు; వాసన అణగును గాని విషము హెచ్చును. పూలకుండీలలో మొక్కలు పెంచినచో గాలి శుభ్రపడునను మాట కూడ ప్రచారమున నున్నది. మూసిన చిన్న పెట్టెలో అది జరిగినను, ఇంటిలో నాలుగు మొక్కలు చేయగలిగినది అత్యల్పము. మొక్కలు కంటికి ఇంపు. కిటికీ ఊపిరికి ఇంపు.

నాలుగవది, అన్నింటికంటె ముఖ్యమైనది, కాలము. క్రొత్త పలకనుండి మొదటి వారములలో వెలువడునది అత్యధికము. అలమరల పని ముగిసిన పిదప కొన్ని వారములు ఇంటిని తెరచియుంచి, ఆ తరువాత కాపురము పెట్టినచో సగము చిక్కు తీరును. ఈ చిన్నమాట ఆచరణలో ఎంత కష్టమో పట్నములో అప్పుచేసి ఇల్లు కొన్నవారికి తెలియును. ఒకప్రక్క అద్దె, మరొకప్రక్క బ్యాంకు వాయిదా. రెండును ఒకే మాసమున చెల్లింపలేక, వడ్రంగి రంపము బయటికి తీసిన మరునాడే సామాను లోనికి చేర్తురు. కొందరు ఒక గదిలో పని జరుగుచుండగనే మరొక గదిలో పసిబిడ్డతో కాపురముందురు. ముహూర్తము దాటిపోవునను తొందర ఒకటి. ముహూర్తమునకు అలమరలతో పనిలేదు. ఖాళీ యింట పాలు పొంగించి, వ్రతము చేసికొని, పిమ్మట చెక్కపని చేయించి, గాలి పారిన తరువాత సామాను చేర్చినచో శాస్త్రమునకు లోపము రాదు, శరీరమునకు చేటు రాదు. హైదరాబాదున ఇప్పటికే అట్లు చేయువారు గలరు. ఒక నెల అద్దె ఎక్కువైనదని తలచువారు, ఉబ్బసము గల బిడ్డకు ఆస్పత్రిలో ఒక రాత్రికి అగు ఖర్చును కూడ తలచుకొనవలెను. రెండు నెలల అద్దెకు శక్తి లేనివారు పడకగది అలమరలనైనను తరువాత చేయించుకొనవచ్చును. బట్టలు కొన్నాళ్లు పెట్టెలలో నున్నంత మాత్రమున ప్రతిష్ఠ తగ్గదు.

క్రొత్త యింట చేరిన పిదప ఎవరికైన కన్నుల మంట, దగ్గు, తలనొప్పి పట్టి, ఊరికి వచ్చినపుడు తగ్గి, తిరిగి పోయినపుడు మొదలైనచో ఆ సంగతి వైద్యునకు తప్పక చెప్పవలెను. మందుల పేర్లు చెప్పిన రోగి, గదిలో క్రొత్త అలమర పెట్టించిన సంగతి చెప్పడు. చెప్పవలెనని తెలియదు గనుక చెప్పడు. ఊరిలో తగ్గి పట్నములో హెచ్చు దగ్గును గూర్చి నాయనమ్మ చేయు ఫిర్యాదును, పట్నము పడక చేయు సాకుగ కొట్టివేయరాదు.

తుదకు పల్లెను గూర్చి రెండు మాటలు. ఈ పలకలు పట్నముతో ఆగవు. చౌకగ, అందముగ నుండుటచే బడి బల్లలు, పెండ్లిసారె మంచములు, దుకాణముల అరలు ఇప్పుడు వీనితోనే చేయుచున్నారు. పల్లెయిండ్లకును ఏ.సి.లు వచ్చుచున్నవి. కనుక నేడు అక్కడివారికి చెప్పిన జాగ్రత్త రేపు ఇక్కడివారికి వలయును. మరియొకటి: పలకల తునకలను పొయ్యిలో వేయరాదు. ఇల్లు కట్టు చోట మిగిలిన ప్లైవుడ్డు ముక్కలను పేదలు ఏరుకొనిపోయి నీళ్లు కాచుకొనుట, వంట చేసికొనుట తరచుగ కనబడును. వేపపుల్ల పొగయే కంటికి మంట. జిగురు పట్టిన పలక పొగ అంతకు మించిన చేటు. స్నానపు నీళ్లకైనను వానిని కాల్చుట తగదు.

చెక్కను వదలుమని గాని, పట్నమును వదలుమని గాని ఈ ప్రసంగపు తాత్పర్యము కాదు. పలకల పరిశ్రమవలన రైతు కర్రకు ధర వచ్చుచున్నది. అడవిలోని టేకుపై గొడ్డలివేటు కొంత తగ్గుచున్నది. సామాన్యునకు సొరుగు, అలమర అందుబాటులోనికి వచ్చినవి. ఇవి మేలులే. మేలు వెంట వచ్చు కీడును గుర్తెరిగి, దానిని తగ్గించు పలకను అడిగి కొనుట, గాలికి త్రోవ యిచ్చుట, కాలమునకు ఓపిక పట్టుట - ఈ మూడే గృహస్థుడు చేయవలసినవి. కొనువారు పదిమంది అడిగినచో అమ్మువాడు పదునొకండవవానికి చెప్పకయే మంచి పలక నిచ్చును.

పాతిక సంవత్సరముల క్రితము ఈ గ్రంథాలయము తలుపులు తెరచినపుడు సభ్యులు కోరినది వెలుతురు, గాలి, పుస్తకము. రాబోవు పాతిక సంవత్సరములకును ఆ కోరికయే చాలును. ఈ యూరి బిడ్డలు ఎక్కడ ఇల్లు కట్టుకొన్నను ఆ యింట ఒక కిటికీ తెరచియుండుగాక! ఆ కిటికీ చెంత కూర్చుండి వారి పిల్లలు చల్లని గాలిలో పుస్తకము చదువుకొందురుగాక!